లజేదు వైనుకి రెండు సంతకాలు

లజేదు తోట
22 ఫిబ్రవరి 1976

జుల్మీరత్తకి,

ఇక్కడ అందరం నిలబడే ఉన్నాం, నానమ్మ మోకాళ్ళతో సహా. పారిస్‌లో పరాయివాళ్ళ మెట్లు కడుగుతున్న నీ నడుము కూడా నిలబడే ఉందనుకుంటున్నాను. ద్రాక్షతీగల కత్తిరింపులు అయిపోయాయి. కొండ మీద ఇంకా మంచు ఉంది. నానమ్మ నిన్ను ఉన్ని మేజోళ్ళు వేసుకోమంది. ఇవి ఆవిడ చెప్పమన్నవి, చెప్పేశాను.

ఇక నా మాట. ఇందులో పెట్టిన కాగితం మీద నీ సంతకం కావాలి.

తాత పోయాక తోటలో సగం నీది, మా నాన్న లేడు కాబట్టి ఆయన సగం నాది. ఏం అమ్మాలన్నా, ఏం చెయ్యాలన్నా రెండు సంతకాలు పడాలి. పెద్ద పీపాలో డెబ్భైనాలుగు పంట ఉంది. తాత పోయిన ఏడు అది. ఈ పోర్చుగల్ నెత్తిన కూర్చుని తొక్కిన నియంతలు కూలిన ఏడు కూడా అదే. నేను ఒక్కణ్ణే నిలబడి తొక్కించిన మొదటి పంట. దాన్ని మన పేరుతో సీసాల్లో నింపుదామని నా నిర్ణయం. నిర్ణయం అంటే నీ సంతకం పడితే నిర్ణయం.

కనేలష్ వచ్చాడు. వీజెవు పట్నం వైను వ్యాపారి, నీకు గుర్తుండే ఉంటాడు. తాత నాటి నుంచీ ప్రతి పంటా టాంకరులో పట్టుకుపోతున్నాడు. పీపా మీద వేలితో కొట్టి, "ఏం అదెరీతూ, విప్లవం ఎలా ఉంది?" అన్నాడు.

"పులుస్తోంది," అన్నాను.

"పులిసిందేదైనా చివరికి నా దగ్గరికే రావాలి కదా నాయనా," అని నవ్వాడు.

అత్తా, ఆ నవ్వు నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. మన వైను ఆ టాంకరులో ఎక్కి, ఇంకో ఇరవై తోటల వైనులో కలిసి, కోట బొమ్మ ఉన్న కాగితం అంటించుకుని లిస్బన్ వెళుతుంది. ఆ కోటలో ఎవడైనా ఒక్క ద్రాక్షపండు తొక్కాడా? కష్టం ఒకడిది, పేరు ఇంకొకడిది. దోపిడీ అంటే ఏమిటో తెలుసుకోవడానికి నాకు కరపత్రాలు అక్కర్లేదు, మన పీపాల గది చాలు. అయినా కరపత్రాలు చదివాను, మొత్తం పెట్టెడు.

ఇంకో సంగతి. ఇంటి వెనక మడి ఉంది కదా, ఎర్రతీగల మధ్య అక్కడక్కడా తెల్లతీగలున్న పాత మడి. తాత దాన్ని విడిగా కోయించి, చిన్న రాతితొట్టిలో విడిగా తొక్కించి, పెళ్ళిళ్ళకీ చర్చి ఫాదరు గారికీ దాచేవాడు. మిగతా పండ్లన్నీ పెద్ద తొట్టిలో ఒకదాని మీద ఒకటి పడి నలగాలి. అంటే ద్రాక్షల్లో కూడా దొరలూ కూలీలూనా? ఆ ఏడు నేను అన్నీ కలిపి పెద్ద తొట్టిలోనే పోయించాను. మన పాత పనివాడు కుస్తోదియు తాత గంపతో తొట్టి గట్టు మీద ఆగిపోయాడు. "పొయ్యి," అన్నాను. పోశాడు.

ఫలితం ఒక సీసాలో పట్టి, పారిస్‌కి తిరిగే మన ఊరి ఫిలింతు వ్యానులో పంపుతున్నాను. రుచి చూడు. చూసి సంతకం పెట్టు.

పోరాటంలో నీ మేనల్లుడు,
అదెరీతు

*

పారిస్
14 మార్చి 1976

ఒరే అదెరీతూ,

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. సగంలో లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను.

ముందు ఇది చెప్పు. లజేదు గాదె మీద ఎర్రజెండా ఎగురుతోందని ఫిలింతు ఇక్కడ అందరికీ చెప్పాడు. ఆదివారం చర్చి బయట మన ఊరి ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని ఓదార్చారు. "పాపం జుల్మీరా, మీ తోట ఆక్రమించేశారట కదా," అని. ఎవర్రా ఆక్రమించింది? నువ్వేనా? నీ తోటని నువ్వే ఆక్రమించుకున్నావా? అమ్మని ఎక్కడ పడుకోబెడుతున్నావు?

సీసా క్షేమంగా చేరింది. తెరవలేదు. ఇంత దూరం కుదుపుల్లో వచ్చిన వైనుని వెంటనే తెరవకూడదని మా నాన్న చెప్పేవాడు. ప్రయాణం చేసిన మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి ప్రశ్నలు అడగం కదా, అలాగే అనేవాడు. బల్ల కింద చీకట్లో పెట్టాను. ఈస్టరుకి తీస్తాను.

సంతకం మాత్రం పెట్టను. కనేలష్‌కే అమ్ము.

ఎందుకో చెబుతాను, నువ్వు పుట్టకముందు సంగతి. మీ తాత కూడా ఒకసారి మన పేరుతో సీసాలు నింపాడు. ఆ వెనక మడి వైనే. లిస్బన్‌లో ఒక హోటలు వాళ్ళు తీసుకున్నారు. ఎడ్లబండి స్టేషనుకి వెళుతుంటే మీ తాత పెళ్ళికొడుకులా ముందు నడిచాడు. నెల తిరక్కుండా పెట్టెలన్నీ వెనక్కి వచ్చాయి. రంగు చాలదట. నీళ్ళు కలిపారట. నీళ్ళు, అదెరీతూ. ఆయన జీవితంలో నీళ్ళు కలిపింది ఒక్క సున్నంలోనే. ఊళ్ళో అందరూ గుమ్మాల్లో నిలబడి చూస్తుండగా ఒక్కో పెట్టెనీ తనే భుజాన మోసి లోపల పెట్టాడు. ఎవరినీ సాయం పట్టనివ్వలేదు. ఆ రోజు నుంచి సీసా అన్న మాట మన ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేను ఆ మనిషి వీపు చూశాను. మళ్ళీ నీ వీపు అలా చూడలేను.

పైగా నువ్వేమో ఆయన మడిని తీసుకెళ్ళి అందరితో కలిపి తొక్కించావు. గొప్పగా రాస్తున్నావు కూడానా? ఆయన నేలలోకి దిగి ఆరు నెలలు కాలేదప్పటికి. నీకు కోపం వస్తే నా మీద చూపించు. చచ్చినవాళ్ళ తొట్టిలో ఎందుకు?

ఉన్ని మేజోళ్ళు వేసుకుంటున్నానని అమ్మతో చెప్పు. వేసుకోవడం లేదు, కానీ చెప్పు.

మీ అత్త,
జుల్మీర

*

లజేదు తోట
28 మార్చి 1976

అత్తా,

జెండా సంగతి. అది నానమ్మ ఎర్ర దుప్పటి. ఎండ వచ్చిందని గాదె మీద ఆరేసింది. నేను నిజంగా ఒక జెండా పెట్టిన మాట కూడా ఒప్పుకుంటాను. నానమ్మ దాన్ని దింపి గిన్నెలు తుడుస్తోంది. బట్ట మంచిదట. ఫిలింతుకి ఇది చెప్పకు, జెండా అనే అనుకోనీ.

ఆక్రమణ సంగతి కూడా రాస్తాను, దాచడానికేమీ లేదు. తోట పనిచేసేవాళ్ళదే కావాలని నా అభిప్రాయం. అందుకని మహాసభ పెట్టాను. కుస్తోదియు తాత, ఆయన భార్య లుదొవీనమ్మ, తీగలు కట్టే అక్కచెల్లెళ్ళిద్దరూ వచ్చారు. పీపాల గదిలో బల్లెక్కి మాట్లాడాను. అంతా విని కుస్తోదియు తాత అడిగాడు.

"తోట మాకిచ్చేస్తావు, బాగుంది. కత్తిరింపులు ఎవరు చేస్తారు?"

"మీరే."

"ఇప్పుడెవరు చేస్తున్నారు?"

"మీరే."

"మరి మారిందేమిటి బాబూ? పన్నులు కూడా మేమే కట్టాలా?"

లుదొవీనమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తమకి సొంత మళ్ళు ఉన్నాయని, వాటితోనే నడుములు పోతున్నాయని, మన రాళ్ళు కూడా నెత్తిన పెట్టొద్దని చెప్పారు. చివరికి ఒక తీర్మానం చేశాం. సీసాల్లో నింపితే, తొక్కినవాళ్ళందరికీ అందులో వాటా. కాగితం మీద మన తోట పేరు కింద "పాదాలతో తొక్కినది" అని ఉండాలి. ఏకగ్రీవం. నానమ్మ కూడా చెయ్యెత్తింది, తర్వాత అది ఈగని తోలడానికని తేలింది.

ఇప్పుడు అసలు దెబ్బకి వస్తాను. చచ్చినవాళ్ళ తొట్టి అన్నావు. అది చదివి నేను ఉత్తరం నలిపి పారేశాను. నానమ్మ తీసి, సాపు చేసి, నాచేత చదివించుకుంది, మేజోళ్ళ ముక్క ఒక్కటి దాటేశాను. హోటలు సంగతి దగ్గర తల పక్కకి తిప్పుకుంది. మడి సంగతి దగ్గర మాత్రం నవ్వింది.

"మీ తాత ఆ మడిని మహారాణిలా విడిగా కూర్చోబెట్టాడ్రా," అంది. "ఒంటరిగా ఉండి పాలిపోయింది పాపం. మిగతాదేమో ముద్దూ ముచ్చటా లేక మొరటుగా తయారైంది. రెంటికీ పెళ్ళి చెయ్యవయ్యా అని కాపురానికొచ్చిన ఏటి నుంచీ పోరాను. నువ్వు ఆ గంపలు పోయిస్తుంటే తలుపు దగ్గరే ఉన్నాను. ఒక్క మాట అన్నానా?"

"మరి కలపమని నాకే చెప్పొచ్చుగా నానమ్మా?"

"చెబితే నువ్వు చేస్తావా? కరపత్రంలో ఉంటేనే చేస్తావు."

కాబట్టి అత్తా, నేను సిద్ధాంతం వల్ల చేశాను, నానమ్మ వంట తెలిసి ఊరుకుంది. ఎలా చేసినా వైను పీపాలో ఉంది. హోటలు వాడు అన్నది వాడి అజ్ఞానం. వాడి మాటకి భయపడి మనం ఇంకా తల దించుకుంటే వాడు మన నెత్తిన కూర్చున్నట్టే. నేను వైను గురించి ఏమీ రాయను. రాస్తే పొగుడుకున్నట్టు ఉంటుంది. నువ్వు తాగి చెప్పు. తాగకముందు నాకు తీర్పులు పంపకు.

అదెరీతు

*

పారిస్
19 ఏప్రిల్ 1976

ఒరే అబ్బాయ్,

నిన్న ఈస్టరు. సీసా తెరిచాను. ఈ ఉత్తరం మధ్య మధ్యలో గంట మోగితే లేచి వెళ్ళాలి, అందుకని వరస తప్పితే సర్దుకుని చదువు.

ఫిలింతు, వాళ్ళావిడ భోజనానికి వచ్చారు. మేకపిల్లని పొయ్యిలో పెట్టాను. ఈ గది నీకు తెలియదు కదా, కాపలామనిషి గది, భవనం వాకిలి పక్కనే. గాజు తలుపు. వచ్చేపోయే ప్రతివాడికీ నా పళ్ళెంలో ఏముందో కనిపిస్తుంది. బిరడా పొడుగ్గా, శుభ్రంగా వచ్చింది. గ్లాసులో పోశాను. రంగు చూసేసరికి ముందు ఆ హోటలు పెట్టెలే గుర్తొచ్చాయి. వెలుతురు అందులోంచి ఇవతలికి వస్తోంది. పాలిపోలేదు, అలాగని సిరాలా నల్లగానూ లేదు. కెంపు ముక్కని వేళ్ళతో పట్టుకుని కిటికీ వైపు పెడితే ఎలా ఉంటుంది, అలా.

వాసన చూశాను. మొదట ఏమీ లేదు. కాస్త ఆగితే వయొలెట్ పూలు. తర్వాత వాన పడ్డాక మన వాకిట్లో నల్లరాయి వాసన. వెనకాల ఎక్కడో పైన్ అడవి. ఫిలింతు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టి, మళ్ళీ తీసుకుని, "ఇది నోట్లో అరవట్లేదేంటి?" అన్నాడు. వాడు తాగినవన్నీ అరిచేవే కదా. నిజంగానే అది అరవదురా. వచ్చి, పక్కన కూర్చుని, మెల్లగా మాట్లాడుతుంది. నువ్వు మింగేశాక కూడా వెళ్ళదు.

ఇది నాన్న వైను కాదు. అది నాకు మొదటి గుక్కలోనే తెలిసిపోయింది.

మూడో అంతస్తులో మొస్యూ దెల్మా అని ఒక ముసలాయన ఉంటాడు. కింద నేలమాళిగ నిండా ఆయన సీసాలే. గాజు తలుపులోంచి చూసి లోపలికి వచ్చాడు. ఆయనకీ పోశాను. హుందాగా ఉందన్నాడు. నాజూకైన వైను అన్నాడు. ఇలాంటి మాటలు ఆయన ఊరికే

గంట. రెండో అంతస్తు వాళ్ళ తాళం పోయిందట. సంతకం సంగతి మళ్ళీ రాస్తాను, ఆలోచించాలి. ఉత్తరం ఇప్పుడే పోస్టు చేస్తున్నాను, లేకపోతే ఇక్కడే ఉండిపోతుంది.

జుల్మీర

*

లజేదు తోట
2 మే 1976

శ్రీమతి జుల్మీర గారికి,

మీ తీర్పు అందింది.

నాన్న వైను కాదన్నావు. కాదు. తాతంత వాణ్ణి కాననీ, ఎప్పటికీ కాలేననీ ఒక్క ముక్కలో చెప్పడానికి ఇన్ని పూలూ, ఇన్ని రాళ్ళూ, పైన్ అడవులూ ఎందుకు? నేరుగా రాస్తే పోయేది.

ఇక ఆ మూడో అంతస్తు దొర. నేను తొక్కించిన, కుస్తోదియు తాత తొక్కిన వైను ఎలా ఉందో చెప్పడానికి, మెట్లు మురికి చేసేవాడు కావలసివచ్చాడా? నువ్వు గ్లాసు పట్టుకుని నిలబడి ఉంటావు, ఆయన కళ్ళు మూసుకుని ఉంటాడు. నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది. హుందా అట, నాజూకట. ఆ మాటలు ఎవరివో నాకు తెలుసు. చేతికి మట్టి అంటనివాళ్ళు కుర్చీలకీ, గుర్రాలకీ, పెళ్ళాల మెడలకీ వాడుకునే మాటలు. మన వైను నాజూకు కాదు. మడమలు పగిలినవాళ్ళు చేశారు దాన్ని. పోయిన ఆదివారం మొదటిసారి ఓటు వేసి వచ్చాను, చాలా గర్వంగా ఉండింది. ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం.

సీసాలకి నీ సంతకం ఇక అక్కర్లేదు. కనేలష్‌ని పిలిపించాను. వచ్చి, గ్లాసు చుట్టూ తిప్పి, పుక్కిలించి ఉమ్మేశాడు. "ఎముకలు సన్నం. నా దగ్గర బరువు వైనులున్నాయి, వాటిని కాస్త నడిపించడానికి పనికొస్తుంది," అన్నాడు. అంటే మన వైను ఇంకొకడి మొద్దు వైనుకి ఊతకర్ర. సరే అన్నాను. పీపా పక్కన నిలబడి చెయ్యి కలిపాను. "మీ తాతతోనూ ఎప్పుడూ ఇంతే, కాగితం తర్వాత చూసుకుందాం," అన్నాడు. ఈ నెల పదిహేనున టాంకరు వస్తుంది.

నానమ్మ నాతో మాట్లాడటం లేదు. పళ్ళెం మాత్రం ముందు పెడుతోంది. ఇదీ ఇక్కడి పరిస్థితి.

మీరు కోరినట్టే జరుగుతోంది కాబట్టి సంతోషించగలరు.

అదెరీతు

*

పారిస్
10 మే 1976

ఒరే మూర్ఖుడా,

ఈ ఉత్తరం ఫిలింతు చేతికి ఇస్తున్నాను. దారిలో ఎక్కడా పడుకోవద్దని వాళ్ళావిడ ముందే ఒట్టు వేయించాను.

నాన్న వైను కాదని రాస్తే దాన్ని తీర్పంటావా? నువ్వు పీపా దగ్గర పెరిగావుగానీ మనుషుల దగ్గర పెరగలేదు. నాన్న వైను నేను తాగాను. వెనక మడిది అందంగా ఉండేది, జబ్బు చేసిన పిల్లలా ఉండేది. పెద్ద తొట్టిది మీ నాన్నలా ఉండేది, మంచివాడే, తలుపు తన్ని లోపలికొచ్చేవాడు. ఇది రెండూ కాదు. ఇది ఇదివరకు మన ఇంట్లో లేదు. గ్లాసు పట్టుకుని, నాన్నా నువ్వు చెయ్యలేనిది నీ మనవడు చేశాడు, అదీ నీతో పోట్లాడి చేశాడు, అనుకున్నాను. ఆ మాట రాసేలోపల గంట మోగింది. రాయకుండానే నీకు తెలిసిపోతుందనుకోవడం నా తెలివితక్కువ.

ఇక ఆ మొస్యూ సంగతి. రాయకూడదనుకున్నాను. ఉద్యోగం పోతుందని అమ్మ భయపడుతుందని. ఇప్పుడు మొత్తం విను.

ఆయన లోపలికొచ్చి, అడిగి మరీ పోయించుకున్నాడు. గ్లాసు కిటికీ వైపు ఎత్తాడు, తాగాడు. "పోర్చుగల్ వైనుకి ఇది చాలా బాగుంది, మదాం," అన్నాడు. మెచ్చుకున్నాననే అనుకుంటున్నాడు పాపం. నేను ఆయన చేతిలోంచి గ్లాసు తీసేసుకున్నాను. ఇంకా సగం ఉంది అందులో.

"ఏ దేశం పేరూ చెప్పకుండా మాట్లాడటం చేతనైతే మళ్ళీ రండి," అన్నాను.

ఫిలింతు భార్య శిలువ గీసుకుంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నేను మేకమాంసం కోస్తున్నాను గానీ ఒకటే ఆలోచన. ఈ గది పోతే ఎక్కడుంటానా అని. కాఫీ వేళకి మళ్ళీ తలుపు తట్టాడు. నిలబడే ఉన్నాడు. "మదాం, మళ్ళీ ఒకసారి ఇవ్వగలరా?" అన్నాడు. ఇచ్చాను. ఈసారి మెల్లగా తాగాడు. తర్వాత ఆ మాట అన్నాడు, హుందాగా ఉంది అని. వెనక దేశం పేరు లేదు.

నేను ఆయనకి గ్లాసు పట్టుకుని నిలబడలేదురా. ఆయన్ని నిలబెట్టాను.

ఆ మాట దొరలదని నీకెవరు చెప్పారు? ఏ కరపత్రం? నేను హుందాతనం అంటే ఏమిటో ఈ ఊరు వచ్చి నేర్చుకోలేదు. అమ్మ పడుచుదిగా ఉన్నప్పుడు ద్రాక్షగంప నెత్తిన పెట్టుకుని కింది మడి నుంచి రాతిమెట్ల మీద పైకి వచ్చేది. చేతులు వదిలేసి. మెడ కదలదు, గంప కదలదు, మధ్యలో కుస్తోదియుతో పరాచికాలాడుతుంది. ఒక్క పండు జారదు. మొస్యూ పెళ్ళాం ముత్యాలు వేసుకుని లిఫ్టులోంచి దిగినా అలా దిగలేదు. అంత బరువు మోస్తూ మొయ్యనట్టు నడవడం, అదీ హుందా అంటే. ఆ వైను అలాగే నడుస్తుంది. నీకు తెలియకపోతే తొట్టిలోకి దిగే ముందు కాళ్ళు కడిగినవాళ్ళని అడుగు. మన మాటలన్నీ దొరలకి రాసిచ్చేసి మనకేం మిగుల్చుకుంటావు? మొరటుతనమా? అది వద్దు నాకు. నేను మెట్లు కడుగుతాను, హుందాగా కడుగుతాను.

కనేలష్‌తో చెయ్యి కలిపానన్నావు. అమ్మమన్నది తాగకముందు, తాగాక ఆలోచించాలని రాశాను కదా. నా సగం మీద చెయ్యి కలపడానికి నీకెవరు హక్కిచ్చారు? పనివాళ్ళ హక్కులంటూ బల్లెక్కుతావే, నేను పనిమనిషిని కాదా?

నువ్వు పంపిన కాగితం ఇందులోనే పెట్టాను. సంతకం పెట్టాను. నాన్నకి పెట్టెలు తిరిగొచ్చాయి. మనకి తిరిగొస్తే నేనే వచ్చి నీతో కలిసి మోస్తాను, ఊరంతా చూడనీ. నా వైను ఒక్క చుక్క కూడా టాంకరు ఎక్కడానికి వీల్లేదు.

జుల్మీర,
లజేదు తోటలో సగం యజమాని

*

లజేదు తోట
16 మే 1976

అత్తా,

ఇప్పుడే చర్చి నుంచి వచ్చారు వీళ్ళంతా. నేను వెళ్ళలేదు, సిద్ధాంతం ప్రకారం. వంటింట్లో కూర్చుని నీకు రాస్తున్నాను. పీపాల గదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి.

ఫిలింతు శుక్రవారం సాయంత్రం వచ్చాడు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి ఎలాగో చెప్పను. మూడోసారి పీపాల గదిలో అందరికీ పైకి చదివాను. గంప సంగతి దగ్గర కుస్తోదియు తాత, "అది నిజం, పరాచికాల సంగతి మాత్రం లుదొవీన ముందు చదవకుండా ఉండాల్సింది," అన్నాడు. నానమ్మ నాతో మాట్లాడటం మొదలుపెట్టింది. మొదటి మాట, "మేజోళ్ళు వేసుకోవట్లేదన్న ముక్క ఆ మొదటి ఉత్తరంలో ఉందటగా? నాకెందుకు దాచావు?"

నిన్న పొద్దున్నే టాంకరు వచ్చింది. కనేలష్ ముందు కారులో. డ్రైవరు గొట్టం విప్పుతున్నాడు. నేను వాకిట్లోకి వెళ్ళి, అమ్మడం లేదని చెప్పాను.

"చెయ్యి కలిపావు," అన్నాడు. కేకలు వెయ్యలేదు, అదే ఎక్కువ తగిలింది. "మీ తాత చెయ్యి కలిపి ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు. కాగితాలు చించేవాళ్ళని చూశాను. చెయ్యి తప్పేవాళ్ళు ఈ కొండల్లో లేరనుకున్నాను."

ఆయన అన్నది నిజమే. పీపా దగ్గర కలిపిన చేతికి ఇక్కడ ఉన్న విలువ నీకు తెలుసు. నా పెట్టెలో ఉన్న ఏ కరపత్రంలోనూ దానికి జవాబు లేదు. అన్నీ మనసులో తిరగేశాను.

"నా చెయ్యి కలిపాను. అది తప్పను," అన్నాను. "నా సగం మీరు పట్టుకెళ్ళండి. మా అత్త చెయ్యి పారిస్‌లో ఉంది. అది ఎవరితోనూ కలవలేదు. ఇదిగో ఆమె సంతకం."

కాగితం చదివాడు. "సరే. సగమే ఇవ్వు," అన్నాడు. డ్రైవరు గొట్టం లాక్కుంటూ పీపాల గదిలోకి నడిచాడు. నేను వెనకే పరుగెత్తాను అత్తా. సగం పోయినా పోయినట్టే కదా.

నానమ్మ పీపా పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. లేవలేదు.

"రా కనేలష్. మీ అమ్మ ఎలా ఉంది?" అంది. "పట్టుకెళ్ళు, మావాడు మాట ఇచ్చాడు. కాకపోతే ఇందులో నా కూతురిది ఏ సగం? పైదా, కిందదా?"

"అదేమిటమ్మా, సగం అంటే సగమే."

"అలా ఎలా కుదురుతుంది? మీ గొట్టం పెట్టి అదెరీతు చుక్కలు మాత్రం పీల్చుకో. జుల్మీర చుక్క ఒక్కటి వచ్చినా ఒప్పుకోను. అది సంతకం పెట్టి మరీ వద్దంది."

కుస్తోదియు తాత నిచ్చెన దించి పీపాకి ఆనించాడు. మొహంలో ఏమీ లేదు. "పైనుంచి చూసి చెప్పమంటారా అయ్యా, ఎవరిది ఎటువైపుందో? చీకట్లో కాస్త కష్టం," అన్నాడు.

డ్రైవరు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. అతని భుజాలు ఊగుతున్నాయి. కనేలష్ నానమ్మని చూశాడు, నన్ను చూశాడు, పీపాని చూశాడు. నేను అరుస్తాడనుకున్నాను. ఆయన అక్కడే ఉన్న పీట లాక్కుని నానమ్మ ఎదురుగా కూర్చున్నాడు. "పొయ్యమ్మా ఒక గ్లాసు. కొనేవాడిలా కాకుండా తాగుతాను," అన్నాడు.

ఈసారి ఉమ్మలేదు. మెల్లగా తాగాడు. నానమ్మ మొక్కజొన్న రొట్టె, గొర్రెపాల చీజు ముందు పెట్టింది. అవి తిని, మిగిలింది తాగాడు. ఖాళీ గ్లాసు నానమ్మ చేతికి తిరిగి ఇచ్చాడు.

"దీన్ని దేనిలో కలపాలన్నా పాపమే," అన్నాడు చివరికి. "నీతో కలిపిన చెయ్యి వదిలేస్తున్నానబ్బాయ్. నువ్వు తప్పలేదు, నేను వదిలాను. ఊళ్ళో అడిగితే అలాగే చెబుతాను, నువ్వూ అలాగే చెప్పు." లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "నింపాక రెండు పెట్టెలు నాకు అమ్మండి. మా ఇంటికి."

"తొక్కినవాళ్ళ వంతు అయ్యాక చూద్దాం," అంది నానమ్మ.

ఆయన్ని నేను దోపిడీదారు అని రాశాను కదా, అది వెనక్కి తీసుకోను. కానీ నిన్న ఆయన నా చెయ్యి వదిలిన పద్ధతి గురించి ఎక్కడా చదవలేదు. అది ఆలోచించాలి.

టాంకరు ఖాళీగా వెనక్కి వెళ్ళింది. నిండుగా వెళితే దానికి చప్పుడు ఉండదు, నీకు తెలుసు కదా. ఖాళీది రాళ్ళదారిలో దిగుతుంటే చర్చి గంటలాగా మోగింది. మలుపు మలుపుకీ. గుమ్మాల్లోకి అందరూ వచ్చారు. లుదొవీనమ్మ ఏప్రన్‌తో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. కింద వంతెన దాటేవరకూ ఎవరూ గుమ్మాలు వదల్లేదు. నేను గట్టు మీద నిలబడి విన్నాను. ఇంత గర్వం నాకు ఓటు వేసిన రోజు కూడా లేదు.

కాగితం నమోదు చేయించడానికి రేపు వీజెవు తీసుకెళతాను. నీ సంతకం పక్కన నాది పెట్టాను. నీదే బాగుంది.

ఆగస్టులో నింపుతాం. సీసాలు కడగడానికి ఒక మనిషి తక్కువగా ఉంది. సగం యజమాని కాబట్టి నీకు మినహాయింపు లేదని నిన్న సభ తీర్మానించింది. నానమ్మ చెయ్యెత్తింది. ఈగలు లేవు.

నీ మేనల్లుడు,
అదెరీతు